పాముకు ఎన్ని రోజులకోసారి తిండి పెట్టాలి?

నా కార్న్ స్నేక్ (ఇళ్లలో పెంచుకునే విషం లేని పాము) పిల్లగా ఉన్నప్పుడు రోజూ ఆకలేస్తుందేమోనని ఒకటే టెన్షన్ పడేదాన్ని. అంత అవసరం లేదు. చిన్న పిల్లకు 5–7 రోజులకోసారి కళ్లు తెరవని చిట్టెలుక పిల్ల ఒక్కటి చాలు. కాస్త ఎదిగాక 7–10 రోజులకు, పూర్తిగా పెద్దయ్యాక 10–14 రోజులకు ఒకసారి. పెద్ద బాల్ పైథాన్ (ఒక రకం చిన్న కొండచిలువ) అయితే రెండు మూడు వారాలు ఆగినా ఫర్వాలేదు.

ఎలుక మరీ పెద్దది వద్దు, పాము ఒంటి లావంత ఉంటే సరి. ఫ్రీజర్‌లోంచి తీసిన చచ్చిన ఎలుకను పూర్తిగా కరగనిచ్చి, గోరువెచ్చగా చేసి, పొడవాటి పటకారుతో అందించండి. నేనొకసారి బద్ధకించి చేత్తో ఇచ్చి, వేలికి కాటు వేయించుకున్నాను! తిన్నాక 48 గంటలు దాన్ని ఎత్తుకోవద్దు, కక్కేయొచ్చు. కుబుసం విడిచే ముందు కళ్లు పాలరంగులోకి మారి తిండి ముట్టకపోతే కంగారొద్దు. కుబుసం విడిచాక మళ్లీ పెట్టి చూడండి.