జనం లేని చలి బీచ్‌లో సర్ఫింగ్ ఎలా చేయాలి?

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో హిల్స్‌బరో, బీవర్టన్ వైపు ఉండే మనవాళ్లకు సర్ఫింగ్ మీద మనసు పడితే హైవే 26 పట్టుకుని తీరానికి వచ్చి, నేరుగా షార్ట్ శాండ్స్ అనే బీచ్‌లో తేలతారు. వేసవి శనివారం అక్కడ కారు పెట్టడానికే చోటుండదు, ఇక నీళ్లలో సంగతి చెప్పక్కర్లేదు. అక్కడినుంచి హైవే 101 మీద నియకానీ కొండ దాటి దిగితే మాంజనీటా అనే ఊరు వస్తుంది. ఒరెగాన్‌లో 1967 నాటి చట్టం వల్ల తీరం పొడవునా ఇసుక మీద ఎవరైనా నడవచ్చు. ఊళ్లోని లనేడా అవెన్యూ చివర దిగి దక్షిణంగా పావుగంట నడవండి. మీ చుట్టుపక్కల ఇంకో బోర్డు కనిపించడం అరుదు.

నేర్చుకునేవాళ్లకు నేను ఈ బీచే చెబుతాను. అయితే జనం లేరంటే, ఎక్కడ దిగాలో చూసి తెలుసుకోవడానికి కూడా ఎవరూ లేరని అర్థం. లైఫ్‌గార్డ్ ఉంటాడని లెక్క వేసుకోవద్దు. ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్లండి. మూడో మనిషి ఒడ్డున కూర్చుంటే ఇంకా మంచిది.

సామాన్లతో మొదలుపెడదాం. 5/4 మిల్లీమీటర్ల వెట్‌సూట్ (ఒంటికి 5, చేతులకూ కాళ్లకూ 4 మిల్లీమీటర్ల మందం ఉండే రబ్బరు సూట్), దానికే అతికి ఉన్న హుడ్, బూట్లు, గ్లవ్స్. జూలైలోనూ ఇవే. వేసవిలో వాయవ్యం నుంచి వీచే గాలి పైనీళ్లను ఒడ్డు నుంచి సముద్రం లోపలికి నెట్టేస్తుంది, ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లటి నీళ్లు పైకొస్తాయి. అందుకే ఎండ ఎంత కాసినా నీళ్లు 16 డిగ్రీల సెల్సియస్ దాటడం తక్కువ. విశాఖలో కాళ్లు తడిపిన అలవాటుతో దిగితే ఊపిరి ఆగినట్టవుతుంది. సూట్ అద్దెకు దొరుకుతుంది. మెడ వెనక రెండు వేళ్లు సులువుగా దూరితే అది మీ సైజు కాదు, చిన్నది అడగండి. బోర్డు ఎనిమిది అడుగులకు తగ్గని ఫోమ్ బోర్డే. పొట్టి బోర్డు స్టైల్‌గా ఉంటుందని తీసుకున్నవాళ్లు రోజంతా దాని మీద పడుకోవడానికే తంటాలు పడతారు.

బయల్దేరే ముందు కొలంబియా నది ముఖద్వారానికి ఎదురుగా సముద్రంలో ఉన్న 46029 నంబరు బోయ్ (నీళ్ల మీద తేలుతూ అలల్ని కొలిచే పరికరం) రీడింగ్ చూడండి. చాలామంది అల ఎత్తు ఒక్కటే చూసుకుని వచ్చేస్తారు. పక్కనే అలకూ అలకూ మధ్య ఎన్ని సెకన్లో ఉంటుంది, అసలు చూడాల్సింది అదే. మూడు నాలుగు అడుగుల ఎత్తు, తొమ్మిది పది సెకన్లు ఉంటే రండి. అదే ఎత్తు పద్నాలుగు సెకన్ల మీద ఉంటే కొత్తవాళ్లు ఇంట్లోనే ఉండాలి. అలాంటి అల చాలా దూరం నుంచి బలం కూడగట్టుకుని వస్తుంది, ఒడ్డున విరిగేటప్పుడు బోయ్ చెప్పినదానికంటే పెద్దదవుతుంది. యాప్‌లలో ఇచ్చే స్టార్ల రేటింగ్ పక్కన పెట్టండి. అది ఆరితేరినవాళ్ల సరదా కోసం, మీ భద్రత కోసం కాదు. వేసవిలో మధ్యాహ్నానికి గాలి లేస్తుంది కాబట్టి పొద్దున్నే రండి. పోటు సగానికి వచ్చి, నీళ్లు ఇంకా పెరుగుతున్న సమయం మంచిది.

ఇప్పుడు అసలు పని. సూట్ వేసుకోకముందే ఇసుక మీద నిలబడి సముద్రాన్ని ఇరవై నిమిషాలు చూడాలి. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, మధ్యలో పది నిమిషాలు సముద్రం పడుకున్నట్టే ఉండొచ్చు. కారు దిగీ దిగగానే ఆ పది నిమిషాలు చూసి ‘ఇవాళ చిన్నగానే ఉంది’ అని పరుగెత్తేవాళ్లను వచ్చినప్పుడల్లా చూస్తున్నాను. నడుము లోతులో ఉండగా అసలు గుంపు వాళ్ల మీద విరుగుతుంది.

చూడాల్సింది అలల్ని కాదు, అవి విరగని చోటును. నీళ్ల కింద ఇసుక మేట ఉన్నచోట అల విరిగి తెల్లగా నురగ కడుతుంది. రెండు తెల్లటి పట్టీల నడుమ ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో ఒక సందు కనిపిస్తుంది. దిగడానికి అదే సులువని కొత్తవాళ్లు అటే నడుస్తారు. అదే రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీళ్లన్నీ చేను గట్టు తెగినచోట పరుగెత్తినట్టు ఆ సందులోంచి వెనక్కి వెళ్తుంటాయి. దగ్గరకెళ్లి చూస్తే నీళ్లు ఇసుక కలిసి గోధుమరంగులో ఉంటాయి. పైన సన్నటి ముడతలు పడతాయి, నురగ ముక్కలు ఒడ్డుకు రాకుండా లోపలికి జారిపోతుంటాయి. అనుమానముంటే ఒడ్డున పడున్న కెల్ప్ (సముద్రపు నాచు) ముక్క ఒకటి విసిరి, అది ఎటు పోతుందో చూడండి.

‘రిప్‌లోంచి వెళ్తే కష్టపడకుండా అలలు విరిగే చోటు దాటి వాటి వెనక్కి చేరొచ్చు’ అని అనుభవమున్నవాళ్లు చెబుతారు. వాళ్లకది నిజమే, తిరిగి ఎలా రావాలో వాళ్లకు తెలుసు. మీరు మాత్రం సందుకు కనీసం యాభై అడుగుల దూరంలో, నురగ కడుతున్న మేట మీదే దిగాలి. దిగేముందు ఒడ్డు మీద రెండు గుర్తులు పెట్టుకోండి. ముందొక దుంగ, దాని వెనక వరుసలో ఒక ఇంటి కప్పు అయితే చాలు. నీళ్లలోంచి ఆ రెండూ విడిపోయి కనిపించాయంటే ప్రవాహం మిమ్మల్ని పక్కకు తోసుకుపోతున్నట్టే. మూడు నాలుగు అలలకోసారి తిరిగి చూసుకోండి. పక్కకు కొట్టుకుపోతే బయటికొచ్చి, ఇసుక మీద నడిచి మళ్లీ మొదటిచోట దిగండి. దక్షిణం కొసన నెహేలమ్ అఖాతం నోటి దగ్గరున్న జెట్టీ (సముద్రంలోకి కట్టిన రాళ్ల గోడ) వైపు అసలు పోవద్దు. ఆటు సమయంలో అఖాతం నీళ్లన్నీ అక్కడినుంచే బయటికి పోతాయి.

ఇంత చూసుకున్నా రిప్‌లో పడితే బోర్డు వదలొద్దు. ఒడ్డుకేసి ఎదురీదితే చేతులు అలిసిపోవడం తప్ప ఫలితం ఉండదు. బోర్డు మీద బోర్లా పడుకుని, తీరానికి సమాంతరంగా, నురగ కనిపించే వైపు చేతులతో తోసుకుంటూ వెళ్లండి. నురగలోకి చేరాక అలే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తుంది. చేతులు ఆడకపోతే ఒక చెయ్యి పైకెత్తి ఊపుతూ తేలండి.

నీళ్లలోకి వెళ్లేటప్పుడు నడుము లోతులో ఆగి ముఖం, మెడ తడుపుకోండి. మొదటి ఒకటి రెండు నిమిషాలు ఊపిరి మన మాట వినదు. పొడుగ్గా ఊపిరి వదులుతూ అది కుదురుకునేదాకా ఆగాలి. ఆ తర్వాత నడుము లోతు దాటొద్దు, విరిగి వచ్చే నురగ అలలే చాలు. బోర్డు మూతి ఒడ్డుకేసి తిప్పి పడుకోండి, నురగ వెనకనుంచి తగలగానే చేతులతో నీళ్లను రెండుసార్లు గట్టిగా తోయండి. బోర్డు జారడం తెలిశాక అరచేతులు ఛాతీ పక్కన ఆనించి ఒక్క ఊపులో లేవండి. మోకాళ్ల మీద ఆగే అలవాటు చేసుకోవద్దు. పడితే చదునుగా పడి, చేతులతో తల కప్పుకుని పైకి రండి.

బొటనవేలు చిటికెనవేలికి తాకించలేకపోతున్నారంటే ఆ రోజుకు చాలు. ‘ఇంకొక్క అల’ అనొద్దు. గాలి తగలకుండా కారు చాటున నిలబడి, ముందు పైసగం తుడుచుకుని స్వెటర్, టోపీ వేసుకున్నాకే కాళ్లవైపు సూట్ విప్పండి. ఫ్లాస్క్‌లో మిరియాల చారు ఉండాలి, కాఫీ వద్దు. ఇంటికెళ్లగానే సూట్‌ని మంచినీళ్లలో జాడించి, నడుము దగ్గర మడిచి నీడలో ఆరేయండి. భుజాల దగ్గర హ్యాంగర్‌కు తగిలిస్తే తడి బరువుకు సాగిపోతుంది.