పోలీసులపై ఇచ్చిన ఫిర్యాదు ఉన్నతాధికారుల దగ్గర అటకెక్కకుండా చూసుకోవడం ఎలా

స్టేషన్‌లో కొట్టారనో, ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపారనో ఏదైనా బయటపడినప్పుడు ఉన్నతాధికారుల నోట ముందుగా వినిపించే మాట "మా దృష్టికి రాలేదు" అన్నది. ఆ మాట అనడానికి వారికి వీలు లేకుండా చేయడమే బాధితులు మొట్టమొదట చేయవలసిన పని. ఎస్సైతో వాదించడం కంటే తేదీ, ముద్ర పడిన కాగితం ఎక్కువ పని చేస్తుంది.

ఒంటి మీద దెబ్బలుంటే ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, కొట్టింది పోలీసులేనని డాక్టరుకు స్పష్టంగా చెప్పి, మెడికో లీగల్ కేసుగా (కోర్టులో ఆధారంగా చూపగల వైద్య రికార్డుగా) రాయించుకోవాలి. అరెస్టు చేసిన వ్యక్తిని, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అక్కడ "పోలీసులు కొట్టారా" అని అడిగినప్పుడు భయపడి లేదని చెబితే, ఆ తర్వాత ఎన్ని అర్జీలు పెట్టినా ఆ సమాధానమే అడ్డు తగులుతుంది. కాబట్టి కుటుంబ సభ్యులో న్యాయవాదో ఈ సంగతి ముందే అతని చెవిన వేయాలి.

అర్జీలో ఆవేశం తగ్గించి వివరం పెంచాలి. ఏ తేదీన, ఎన్ని గంటలకు, స్టేషన్‌లో ఏ గదిలో, ఏ హోదా గల అధికారి ఏం చేశారు, అప్పుడు చూసినవారెవరు అన్నవి వరుసగా రాయాలి. కేసు పెట్టదగిన నేరం గురించి చెప్పినా స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ నమోదు చేయకపోతే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 173(4) కింద ఆ సమాచారాన్ని రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు; కమిషనరేట్ పరిధిలో ఉన్నవారు డీసీపీకి, కమిషనర్‌కు పంపాలి. స్పీడ్ పోస్టు రసీదును, అది చేరినట్టు చూపే వివరాన్ని దాచుకోవాలి. సోమవారం గ్రీవెన్స్‌లో స్వయంగా ఇచ్చినవారు కూడా రసీదు లేకుండా వెనక్కి రాకూడదు.

అసలు చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఎస్పీ కార్యాలయానికి చేరిన అర్జీ "విచారించి నివేదించండి" అన్న ఒక్క వాక్యంతో, ఎవరి మీద ఫిర్యాదు చేశారో వారి స్టేషన్‌కే తిరిగి వెళ్లడం అరుదేమీ కాదు. అందుకే ఆ సర్కిల్‌తో సంబంధం లేని అధికారితో విచారణ జరిపించాలని అర్జీలోనే కోరాలి. కొద్ది వారాలు చూసి, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో మూడు సంగతులు అడగాలి: ఫలానా తేదీ అర్జీపై ఏ చర్య తీసుకున్నారు, విచారణ అధికారి నివేదిక ప్రతి ఏది, సంబంధిత అధికారికి చార్జ్ మెమో (అభియోగాలు మోపుతూ శాఖ ఇచ్చే నోటీసు) ఇచ్చారా లేదా. సమాధానానికి గడువు 30 రోజులు. ఈ మూడో ప్రశ్నను వదలకూడదు. గొడవ పెద్దదైనప్పుడు ఆ అధికారిని వీఆర్‌కు (పోస్టింగ్ ఇవ్వకుండా ఉంచే వేకెన్సీ రిజర్వ్‌కు) పంపామనో, హెడ్‌క్వార్టర్స్‌కు అటాచ్ చేశామనో ప్రకటించి చేతులు దులుపుకోవడం శాఖలో పాత అలవాటు. వీఆర్ శిక్ష కాదు, సస్పెన్షన్ కూడా శిక్ష కాదు. శాఖాపరమైన విచారణ జరిగి అభియోగం రుజువైతేనే శిక్ష ఉంటుంది.

సీసీ కెమెరాల విషయంలో ఆలస్యం పనికిరాదు. ప్రతి స్టేషన్‌లో, లాకప్‌తో సహా, కెమెరాలు ఉండాలని, దృశ్యాలను 18 నెలలు, అందుకు తగిన పరికరాలు దొరకకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. ఆచరణలో, మనకు కావలసిన రోజే కెమెరా పని చేయలేదనే జవాబు వస్తుంటుంది. ఫలానా తేదీ, ఫలానా సమయపు దృశ్యాలను చెరపకుండా ఉంచాలని మొదటి వారంలోనే ఎస్పీకి రాసి ఉంటే, ఆ తర్వాత అవి లేకపోవడానికి సంజాయిషీ చెప్పవలసింది ఆయనే.

ఎస్పీ కదలకపోతే ప్రమాణపత్రంతో (అఫిడవిట్‌తో) మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. పోలీసులు చేసిన పని విధి నిర్వహణలో జరిగిందే అన్న వాదన ఉన్నప్పుడు, అదే సంహిత సెక్షన్ 175(4) ప్రకారం దర్యాప్తుకు ఆదేశించే ముందు మేజిస్ట్రేటు పై అధికారి నుంచి నివేదిక తెప్పించుకోవాలి, ఆరోపణకు గురైన ఉద్యోగి వాదనను కూడా పరిశీలించాలి. ఈ నిబంధన పోలీసులకు రక్షణ కవచంగానే కనిపిస్తుంది గాని, ముందే ముద్ర వేయించుకున్న అర్జీ చేతిలో ఉన్నవారికి ఇది ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఇక్కడ పై అధికారి మౌనంగా ఉండలేరు.

రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో పోలీసు ఫిర్యాదుల అథారిటీలు ఏర్పాటు చేయాలని పోలీసు సంస్కరణలకు సంబంధించిన ప్రకాశ్ సింగ్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు చెప్పినా, వాటికి కోరలివ్వడానికి ప్రభుత్వాలు పెద్దగా ఆసక్తి చూపలేదు. అయినా అక్కడికొక ప్రతి పంపడంలో నష్టం లేదు. మానవ హక్కుల కమిషన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఘటన జరిగిన ఏడాదిలోపే చేయాలి. రాష్ట్ర కమిషన్ ముందున్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించదు కాబట్టి, ఎక్కడికి వెళ్లాలో ముందే తేల్చుకోవాలి. లాయరు ఖర్చు భరించలేనివారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని నియమిస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయ పరిమితితో సంబంధం లేకుండా ఆ సాయం అందుతుంది. అందుకోసం 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.