ఒంటరి ప్రయాణం నేర్చుకుందాం – నాలుగో పాఠం: ముందు తిరుగు దారి

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? ఒక్కరే బస్సెక్కి దగ్గర్లోని టౌనుకు వెళ్ళి, తెలిసినవాళ్ళ ఇంటికి పోకుండా రెండు గంటలు గడిపి, హోటల్లో ఒక్కరే కూర్చుని టిఫిన్ చేసి రమ్మన్నాను. చెయ్యకపోతే ఈ పాఠం ఇక్కడ ఆపి ముందు అది చేసి రండి, తొందరేం లేదు. చేసినవాళ్ళకు తెలిసే ఉంటుంది, కష్టం బస్సెక్కడంలో లేదు, హోటల్లో బల్ల ముందు ఒక్కరే కూర్చున్న మొదటి ఐదు నిమిషాల్లో ఉంది. అది దాటారు కాబట్టి ఈసారి గోదావరి దాటుదాం.

ఈ పాఠానికి దారి ఇది: నరసాపురం నుంచి నరసింహస్వామి గుడి ఉన్న అంతర్వేది వెళ్ళి పగలుండగానే వెనక్కి రావాలి. నరసాపురం దాకా రైలుంది, బస్సులున్నాయి. అక్కడ రేవులో పంటు, అంటే మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కితే గోదావరి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగుతారు, అక్కడి నుంచి ఆటో పట్టుకుంటే అంతర్వేది. పంటు మీద మోటారు సైకిళ్ళు, సంచులతో సంతకు పోయేవాళ్ళు, పనులకు పోయేవాళ్ళు అందరూ ఉంటారు, మీరొక్కరే నిలబడ్డా ఎవరికీ వింతగా ఉండదు. చిన్న ప్రయాణమే, కానీ కావాలనే ఎంచుకున్నాను, ఎందుకంటే ఇందులో తిరిగొచ్చే దారి మన చేతిలో ఉండదు. పంటు ఆగిపోయిందంటే మలికిపురం, చించినాడ వంతెన, పాలకొల్లు చుట్టూ తిరిగి రావలసిందే, కొద్ది నిమిషాల్లో దాటే ఏటి కోసం పూటంతా పోతుంది.

అందుకే ఈ పాఠం మొత్తం ఒక్క అలవాటు గురించే. ఎక్కడ దిగినా, చూడాల్సినవాటి వైపు ఒక్క అడుగు వెయ్యకముందే, వెనక్కి ఎలా వెళ్తామో తేల్చుకోవాలి. సఖినేటిపల్లిలో పంటు దిగగానే ఆటో వాళ్ళు పిలుస్తారు, వెంటనే ఎక్కెయ్యాలనిపిస్తుంది. ఆగండి. టికెట్లు కోసే మనిషి దగ్గరికి వెళ్ళి అడగండి.

ఎలా అడగాలో కూడా నేర్చుకోవాలి, నాకు ఇది చాలా ఆలస్యంగా తెలిసింది. మొదట్లో ఒకసారి ఇలాంటి రేవులోనే, ఊరి పేరు ఎందుకులెండి, ఒడ్డున కూర్చున్న ఒకాయన్ని "ఏడింటికి పంటు ఉంటుందా అండీ?" అని అడిగాను. "ఆయ్, ఉంటుందండి" అన్నారు. ఆ ధైర్యంతో అవతల నెమ్మదిగా అన్నీ చూసుకుని ఆరున్నరకు రేవుకు వచ్చేసరికి పంటు ఎదుటి ఒడ్డున కట్టేసి ఉంది. గాలి ఎక్కువైందని ఆరింటికే ఆపేశారట. చీకటి పడింది, చేతిలో ఫోను చార్జింగు అయిపోవచ్చింది, ఏడుపొచ్చింది. గాజుల కొట్టు పెట్టుకున్న ఒక పెద్దావిడ నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, వంతెన మీదుగా పోయే ఆటోలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిపి ఎక్కించింది. ఆవిడ లేకపోతే ఏం చేసేదాన్నో ఇప్పటికీ తెలియదు.

ఆ ఒడ్డున కూర్చున్నాయన అబద్ధం చెప్పలేదు. మన గోదావరి మనుషులు ఎదుటివాళ్ళని నిరాశపరచడానికి ఇష్టపడరు, "ఉంటుందా?" అని అడిగితే "ఉంటుందండి" అనే వస్తుంది, అందులో సగం మర్యాద. తప్పు నేనడిగిన తీరులో ఉంది. అవును, కాదు అని చెప్పడానికి వీలుండే ప్రశ్న అడగకండి. "ఆఖరి పంటు ఎన్నింటికండీ?" అనండి. "నిన్న సాయంత్రం ఆఖరిది ఎన్నింటికి కదిలింది?" అనండి, ఇది ఇంకా మంచిది, ఎందుకంటే నిన్న జరిగింది ఊహించి చెప్పనక్కర్లేదు. బస్సు దగ్గర కూడా అంతే. "ఇది అమలాపురం వెళ్తుందా?" అనే బదులు "ఇది ఎక్కడిదాకా వెళ్తుందండీ?" అంటే కండక్టరు నోటి నుంచి అసలు ఊరు పేరే వస్తుంది. ఒకరిని అడిగాక ఇంకొకరిని వేరేగా అడగండి, ఇద్దరి మాటా కలిస్తేనే నమ్మండి. టీ కొట్టు వాళ్ళకు, సోడా బండి వాళ్ళకు రేవు సంగతి బాగా తెలుస్తుంది, ఆఖరి పంటు పోయాకే వాళ్ళు కట్టేస్తారు కదా. వచ్చిన టైము నోటుబుక్కులో రాసుకోండి. ఆ తర్వాత ఇంకో పని, ఆఖరి పంటుకు వెళ్దామనుకోకుండా దానికి ముందుదానికి ముహూర్తం పెట్టుకోండి. అది తప్పిపోయినా ఇంకొకటి ఉంటుంది.

నది సంగతి కొంచెం చెప్పాలి, బయటి ఊళ్ళవాళ్ళకి ఇది తెలియక ఇబ్బంది పడతారు. సముద్రం దగ్గరయ్యే కొద్దీ గోదావరిలోనూ పోటు పాటు ఉంటాయి, రోజుకు రెండుసార్లు నీళ్ళు పైకి వస్తాయి, రెండుసార్లు తీస్తాయి. ఆ వేళ ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, కాబట్టి నిన్న పొద్దున పదింటికి నిండుగా ఉన్న రేవు ఈ రోజు పదింటికి అలాగే ఉండదు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎక్కువ, పాటు కూడా ఎక్కువే. నీళ్ళు బాగా తీసినప్పుడు ఇసుక మేటల వల్ల పడవలు ఆలస్యం కావచ్చు. పడవ వాళ్ళను "ఇప్పుడు పోటా, పాటా?" అని అడగండి, చాలా ఇష్టంగా చెప్తారు.

వరద రోజుల్లో మాత్రం ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. జూలై నుంచి సెప్టెంబరు దాకా బయల్దేరే ముందు వార్తల్లో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం చూడండి. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటిది జారీ చేశారంటే చాలు, ఇంకో వారం ఆగండి. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం, చూడవలసిందే, కానీ మొదటిసారి ఒక్కరే వెళ్ళేవాళ్ళు ఆ జనంలోకి వద్దు, మామూలు రోజున వెళ్ళండి.

డబ్బు, కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. పంటుకు, ఆటోకు చిల్లర నోట్లు విడిగా పెట్టుకోండి, ఇంటికి చేరడానికి సరిపడా డబ్బు ఇంకో చోట పెట్టుకుని దాన్ని ముట్టుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉండే ఆడవాళ్ళకి 2025 ఆగస్టు 15 నుంచి ఇక్కడి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఉచితమే, కానీ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి, ఉచితమే కదా అని టికెట్ లేకుండా కూర్చోవద్దు. సూపర్ లగ్జరీకి ఇది వర్తించదు. ఫోన్లో ఏ ఆపదకైనా 112, మహిళలకు 181, రైల్లో అయితే 139, ఈ మూడూ ఉంచుకోండి.

ఇక అందరూ భయపడే ప్రశ్న. "ఎవరమ్మాయండీ మీరు? ఏ ఊరు? ఒక్కరే వచ్చారా?" కోనసీమలో ఇది అడగని మనిషి ఉండరు, నూటికి తొంభై తొమ్మిది మంది బాగు కోరే అడుగుతారు, కోపం తెచ్చుకోకండి. అబద్ధాలు కూడా అక్కర్లేదు, అబద్ధం చెప్తే గుర్తుపెట్టుకోవాల్సి వస్తుంది, అదొక టెన్షన్. నేను చేసేది చెప్తాను. బయల్దేరేముందు ఇంట్లో ఒకరితో "నాలుగింటికి ఫోన్ చేస్తాను, చెయ్యకపోతే నువ్వు చెయ్యి" అని ఒప్పందం చేసుకుంటాను. అప్పుడు "దర్శనానికి వచ్చానండి, ఇంట్లోవాళ్ళు నా ఫోన్ కోసం చూస్తుంటారు" అనడం పూర్తి నిజం, అడిగినవాళ్ళకు మన వెనక మనుషులున్నారని తెలుస్తుంది. ఏ పంటుకు వెళ్తానో మాత్రం అందరికీ చెప్పను. ఎవరైనా రెండోసారి, మూడోసారి అదే అడుగుతూ వెంట వస్తే మర్యాద పక్కన పెట్టి, కుటుంబంతో ఉన్న పెద్దావిడ పక్కకు వెళ్ళి నిలబడి "కాసేపు మీ పక్కనుంటానండి" అనండి. ఇంతవరకు నన్ను కాదన్నవాళ్ళు లేరు.

అంతర్వేదిలో దర్శనం అయ్యాక అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు వెళ్తారు కదా, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. ఎంతసేపైనా చూడండి, ఇసుకలో కూర్చోండి, ఒక్కరే వెళ్తే దొరికే సుఖం అక్కడే ఉంది, "ఇక పోదాం పద" అనేవాళ్ళుండరు. నీళ్ళలోకి మాత్రం దిగొద్దు, పాదాలు తడుపుకోవడానికి కూడా. నది ఈడ్పు, కెరటం ఈడ్పు రెండూ కలిసే చోట ఈతగాళ్ళే తట్టుకోలేరు, మీరు జారితే కేక వేసేందుకు పక్కన మనవాళ్ళుండరు.

ఈ వారం పని: వెళ్ళిరండి, నోటుబుక్కులో మూడు టైములు రాయండి. రేవులో మొదటి మనిషి చెప్పిన ఆఖరి పంటు టైము, రెండో మనిషి చెప్పింది, మీరు నిజంగా నరసాపురం ఒడ్డున కాలు పెట్టింది. మొదటి రెండింటికీ తేడా ఉంటే ఆ ఇద్దరూ ఎవరో, మీరు ఏ మాటలతో అడిగారో కూడా రాయండి. ఐదో పాఠంలో రాత్రి ఒక్కరే ఉండటం మొదలుపెడతాం, సత్రంలో గది ఎలా అడగాలి, తలుపు గడియ ఎలా చూసుకోవాలి అనేవి. అప్పటికి ఈ పేజీ నిండి ఉండాలి.