ఎగ్జెంప్ట్ అంటే దేన్నుంచి? ఇంగ్లండ్‌లో సపోర్టెడ్ అకామడేషన్ ఇంటిని తనిఖీ చేసే తీరు

మాది తెనాలి పక్క పల్లెటూరు. ఇంగ్లండ్ వచ్చి పదమూడేళ్లయింది. అందులో తొమ్మిదేళ్లుగా మిడ్‌లాండ్స్‌లోని ఒక కౌన్సిల్‌లో (మన మునిసిపాలిటీ లాంటిది) ప్రైవేటు అద్దె ఇళ్ల తనిఖీ నా పని. చేరిన కొత్తలో ఒకరోజు ఒంటరిగా ఒక సపోర్టెడ్ అకామడేషన్‌కు, అంటే ఆసరా అవసరమైనవాళ్లకు సపోర్టుతో పాటు అద్దెకిచ్చే ఇంటికి, వెళ్లాను. తలుపు తీసిన మేనేజరు, "మేడమ్, ఇది ఎగ్జెంప్ట్ అకామడేషన్. మీ లైసెన్సులు మాకు వర్తించవు" అన్నాడు. నేను సారీ చెప్పి వచ్చేశాను. ఆఫీసులో మా సీనియర్ ఒకటే ప్రశ్న వేసింది: "ఎగ్జెంప్టే, కానీ దేన్నుంచి?" నేను నోరు మెదపలేదు.

ఈ మధ్య ఇక్కడి కౌన్సిళ్లలో మన తెలుగు పిల్లలు చాలామందే చేరుతున్నారు. మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, ఇలాంటి ఇంటికి వెళ్లమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు" అంది. ఆమెకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ఒక్క మాట తేల్చుకోండి

ఎగ్జెంప్ట్, అంటే మినహాయింపు ఉన్నది, అనేది హౌసింగ్ బెనిఫిట్ (తక్కువ ఆదాయమున్నవాళ్ల అద్దెకు ఇచ్చే ప్రభుత్వ సాయం) నిబంధనల్లోని మాట. హౌసింగ్ అసోసియేషనో, రిజిస్టర్డ్ చారిటీయో, వాలంటరీ సంస్థో ఇల్లిచ్చి, తనే గానీ తన తరఫున ఇంకొకరు గానీ అక్కడ ఉండేవాళ్లకు సంరక్షణ, సపోర్టు, పర్యవేక్షణల్లో ఏదో ఒకటి ఇస్తుంటే, ఆ అద్దెకు మామూలు లోకల్ హౌసింగ్ అలవెన్స్ పరిమితి ఉండదు. మినహాయింపు అద్దె పరిమితికి మాత్రమే. ఇంటి లైసెన్సుకు కాదు.

లైసెన్సు మినహాయింపు 2004 హౌసింగ్ యాక్ట్ 14వ షెడ్యూల్‌లో వేరే ఉంది. ఇంటిని కంట్రోల్ చేసేది లేదా నడిపేది కౌన్సిలో, రిజిస్టర్డ్ ప్రొవైడరో (సోషల్ హౌసింగ్ రెగ్యులేటర్ దగ్గర నమోదైన సంస్థ) అయితే అది లైసెన్సు లెక్కలో హెచ్ఎంఓ (వేర్వేరు కుటుంబాలవాళ్లు పంచుకుని ఉండే ఇల్లు) కాదు. చారిటీ అయినంత మాత్రాన ఆ జాబితాలో చోటు దొరకదు. సీఐసీ (సమాజ సేవ కోసమని పెట్టే కంపెనీ) అని బోర్డు పెట్టుకున్నా దొరకదు. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది, ఒకే కుటుంబం కానివాళ్లు, వంటగదో బాత్రూమో పంచుకుంటూ ఉంటే లైసెన్సు తప్పనిసరి. 2018 అక్టోబరు 1 నుంచి మూడంతస్తులు ఉండాలన్న షరతు కూడా లేదు. నలుగురే ఉంటే మీ కౌన్సిల్లో అడిషనల్ లైసెన్సింగో (చిన్న హెచ్ఎంఓలకు), సెలెక్టివ్ లైసెన్సింగో (ఎంచుకున్న ప్రాంతాల్లోని మామూలు అద్దె ఇళ్లకు) ఉందేమో చూడండి. బర్మింగ్‌హామ్‌లో 2023 జూన్ నుంచి రెండూ ఉన్నాయి.

ఈ ఇళ్లలో ఉండేది జైలు నుంచి వచ్చినవాళ్లు, మత్తు మానే ప్రయత్నంలో ఉన్నవాళ్లు, భర్త కొడితే పారిపోయి వచ్చిన ఆడవాళ్లు, నిన్నటిదాకా ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్లు. నిజాయితీగా నడిపే సంస్థలు ఉన్నాయి, నేను చూశాను. కానీ అద్దెకు పరిమితి లేకపోవడం, "సపోర్టు"కు నిర్వచనం పలచగా ఉండటం కలిసి ఎలాంటివాళ్లను రప్పిస్తాయో ఊహించుకోవచ్చు. 2022 అక్టోబరులో పార్లమెంటు కమిటీ ఈ రంగం మీద ఘాటైన నివేదికే ఇచ్చింది. 2023 జూన్‌లో సపోర్టెడ్ హౌసింగ్ చట్టం కూడా వచ్చింది. జాతీయ ప్రమాణాలకూ, ప్రత్యేక లైసెన్సుకూ అది దారి వేసింది గానీ, లైసెన్సు నిబంధనలు ఆ చట్టం కింద విడిగా రావాలి. దానికోసం చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. 2004 చట్టంతోనే చాలా పని జరుగుతుంది.

బయల్దేరే ముందు కాగితాలు

ఈ గంట పనిని ఎగ్గొట్టకండి. ల్యాండ్ రిజిస్ట్రీలో యజమాని పేరు దొరుకుతుంది. లీజు దొరక్కపోవచ్చు, ఎందుకంటే ఏడేళ్లకు మించిన లీజులే అక్కడ తప్పనిసరిగా రిజిస్టర్ కావాలి, వీళ్లు రాసుకునేవేమో మూడేళ్లవీ ఐదేళ్లవీ. కాబట్టి 2004 చట్టం 235వ సెక్షన్ కింద లీజు కాపీ, మేనేజ్‌మెంట్ ఒప్పందం పంపమని నోటీసివ్వండి. తర్వాత రెగ్యులేటర్ ఆఫ్ సోషల్ హౌసింగ్ ఆన్‌లైన్‌లో పెట్టే రిజిస్టర్డ్ ప్రొవైడర్ల జాబితా. పేరు అక్షరం పొల్లు పోకుండా సరిచూడండి. పేరులో హౌసింగ్ అసోసియేషన్ అని ఉన్నంత మాత్రాన రిజిస్టరైనట్టు కాదు. కంపెనీస్ హౌస్‌లో డైరెక్టర్ల పేర్లు చూస్తే కొన్నిసార్లు ఇంటి ఓనరూ, సపోర్టిచ్చే కంపెనీ డైరెక్టరూ ఒకే ఇంటిపేరుతో కనిపిస్తారు. తప్పేం కాదు, కానీ రాసి పెట్టుకోండి.

అసలు ప్రశ్న: అద్దె ఎవరి చేతికి వెళ్తోంది? చట్టం ప్రకారం పూర్తిస్థాయి అద్దె అందుకునేవాడే ఇంటిని కంట్రోల్ చేసేవాడు. అది మన హౌసింగ్ బెనిఫిట్ టీముకు తెలుసు. డేటా ప్రొటెక్షన్ అని వాళ్లు జంకితే 237వ సెక్షన్ చూపించండి. కౌన్సిల్ తన దగ్గరున్న బెనిఫిట్, కౌన్సిల్ ట్యాక్స్ సమాచారాన్ని ఈ చట్టం పనికి వాడుకోవచ్చని అందులో ఉంది. నన్ను వెనక్కి పంపిన ఆ ఇంటి సంగతి అక్కడే తేలింది: డబ్బు వెళ్తున్న సీఐసీ ఏ రిజిస్టర్డ్ ప్రొవైడర్ల జాబితాలోనూ లేదు. ఇంట్లో ఏడుగురు. లైసెన్సుకు దరఖాస్తు కూడా లేదు.

ఒకవేళ నిజంగానే రిజిస్టర్డ్ ప్రొవైడర్ నడుపుతుంటే లైసెన్సూ, హెచ్ఎంఓ మేనేజ్‌మెంట్ నిబంధనలూ మన చేతిలో ఉండవు. కానీ 2004 చట్టం మొదటి భాగం, అంటే 29 రకాల ప్రమాదాలను లెక్కగట్టే పద్ధతి, వాళ్లకూ వర్తిస్తుంది. ఇది చాలామంది అధికారులే మరిచిపోతారు.

లోపలికి వెళ్లాక

మామూలు తనిఖీకి 24 గంటల ముందు నోటీసివ్వాలి. లైసెన్సు లేని హెచ్ఎంఓ అని అనుమానముంటే ముందు చెప్పనక్కర్లేదు. రానివ్వకపోతే మేజిస్ట్రేట్ దగ్గర వారెంటు తెచ్చుకోవాలి. తలుపు దగ్గర గొడవ పడొద్దు. వీలైతే బెనిఫిట్ టీము నుంచి ఒకరినీ, అడల్ట్ సోషల్ కేర్ నుంచి ఒకరినీ వెంట తీసుకెళ్లండి. నలుగురూ నాలుగు రోజులు వరసగా వస్తే ఇంట్లోవాళ్లకు టెన్షన్.

నేను పై అంతస్తు నుంచి కిందికి వస్తాను. రాత్రి రెండింటికి కింద వంటగదిలో నిప్పంటుకుంటే పైగదిలో మనిషి ఎటు పరిగెడతాడో, ఆ దారిలోనే నడుస్తాను. ప్రతి గది తలుపూ సగం తెరిచి వదిలేస్తాను. దానంతటదే వచ్చి గొళ్ళెం పడాలి. సందు చూడటానికి నా దగ్గర ఒక పౌండు బిళ్ళ ఉంటుంది. అది సుమారు 3 మిల్లీమీటర్ల మందం. తలుపుకూ ఫ్రేముకూ మధ్య బిళ్ళ వదులుగా ఆడుతుంటే పొగ కూడా అంత సులువుగా వస్తుంది. ఒక ఇంట్లో ఏడు తలుపుల్లో ఐదింటికి క్లోజరు (తలుపును దానంతటదే మూసే పరికరం) చేతులు విప్పేసి ఉన్నాయి. స్క్రూలు మాత్రం ఒక ప్లాస్టిక్ కవర్లో, ఫ్రిజ్ మీద. "తలుపు చప్పుడుకు నిద్ర పట్టట్లేదని వీళ్లే విప్పేశారు" అన్నాడు మేనేజరు. నిజమే కావచ్చు. అయితే నెమ్మదిగా మూసుకునేలా క్లోజరును సరిచేయడానికి స్క్రూడ్రైవరుతో రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు పెట్టడమే మేనేజరు పని. గది తాళం లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి, అది కూడా చేత్తో తిప్పి చూడండి.

లేజర్ టేపు పట్టుకోండి. లైసెన్సున్న హెచ్ఎంఓలో పెద్దవాళ్లు ఒకరు పడుకునే గది 6.51 చదరపు మీటర్లకు తక్కువ ఉండకూడదు, ఇద్దరికి 10.22. అటక గదుల్లో మోసం పైకప్పులో ఉంటుంది. కప్పు ఎత్తు 1.5 మీటర్లకన్నా తక్కువున్న చోటు లెక్కలోకి రాదు. ఆ ఎత్తు ఎక్కడ మొదలవుతుందో గోడ మీద సన్నగా పెన్సిల్ గీత గీసి, అక్కడి నుంచి కొలవండి. ప్లాన్‌లో 8 చదరపు మీటర్లున్న గది గీత గీశాక 5కు దిగడం నేను చూశాను. హాలును ప్లాస్టర్‌బోర్డుతో రెండుగా చీల్చి, ఉన్న ఒక్క కిటికీని మధ్యలో పంచడం కూడా మామూలే.

హీటింగ్ మీట ఇంట్లో ఉందా, మేనేజరు ఫోన్లో ఉందా అడగండి. కరెంటు మీటరులో బ్యాలెన్స్ ఎంతుందో ఫోటో తీయండి. ప్రతి అంతస్తులో పొగ అలారం, బాయిలరున్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి, నొక్కి వినండి. కరెంటు తనిఖీ రిపోర్టు ఐదేళ్లలోపుది, గ్యాసు సర్టిఫికెట్ ఏడాదిలోపుది ఉండాలి. మేనేజరు పేరు, అడ్రసు, ఫోన్ నంబరు గోడ మీద కనిపించాలి.

చెమ్మ, బూజు దగ్గర కొత్తవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. "ఈ గదిలో ఉన్నది ముప్పై ఏళ్ల కుర్రాడు, తట్టుకుంటాడు" అని తక్కువ మార్కు వేస్తారు. లెక్క వేసేటప్పుడు ఆ ప్రమాదానికి ఎక్కువ దెబ్బతినే వయసువాళ్లను ఊహించుకుని వేయాలి. ఇప్పుడు ఎవరున్నారన్నది ఏ చర్య తీసుకోవాలో తేల్చేటప్పుడు చూస్తాం. ఆస్తమా ఉన్న మనిషి ఉంటే ఆ గదికి తొందర ఎక్కువ.

ఫైలూ, మనిషీ

సపోర్టు నాణ్యత నా శాఖ పని కాదు. సంరక్షణ సేవలను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్ కూడా చూడదు, అది చూసేది పర్సనల్ కేర్‌ను. కానీ బెనిఫిట్ చెల్లాలంటే సపోర్టు నామమాత్రంగా ఉంటే సరిపోదు, కాబట్టి నేను చూసింది రాసుకొచ్చి ఆ టీముకిస్తాను. (పదహారు, పదిహేడేళ్ల పిల్లలు కనిపిస్తే మాత్రం అదే రోజు చిల్డ్రన్స్ సర్వీసెస్‌కు చెప్పండి. కౌన్సిల్ సంరక్షణలోని అలాంటి పిల్లలను ఉంచే సంస్థలు, పిల్లల సేవలను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్‌లో రిజిస్టర్ కావాలి.)

సిబ్బంది ముందు ఎవరినీ ఏమీ అడగొద్దు. "సపోర్టు బాగుందా?" అనీ అడగొద్దు, అందరూ బాగుందనే అంటారు, గది పోతుందని భయం. "మొన్న మంగళవారం ఎవరొచ్చారు? వచ్చి ఏం చేశారు?" అని అడగండి. ఒక ఇంట్లో ఒకాయన ఏమీ చెప్పకుండా చొక్కా చెయ్యి పైకి లాగి, మణికట్టుకు ఇంకా వేలాడుతున్న ఆసుపత్రి పట్టీ చూపించాడు. మీద చేరిన తేదీ ఉంది. ఆయన పదకొండు రోజులు వార్డులో ఉన్నాడు. కింద ఆఫీసు గదిలోని ఫైల్లో ఆ పదకొండు రోజులకూ, ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో "వెల్ఫేర్ చెక్ చేశాం, బాగున్నాడు" అని ఉంది. నేను అక్కడ నోరెత్తలేదు. రెండింటికీ ఫోటోలు తీసుకున్నాను, పట్టీకి ఆయన అనుమతితో. మిగతాది బెనిఫిట్ టీము చూసుకుంది.

ఏ ఆయుధం తీయాలి

కేటగిరీ 1 (అన్నిటికన్నా తీవ్రమైన) ప్రమాదం తేలితే చర్య తీసుకోవడం కౌన్సిల్ విధి, ఇష్టం కాదు. ఎక్కువసార్లు ఇంప్రూవ్‌మెంట్ నోటీసు, అంటే లోపాలు సరిచేయమనే నోటీసు. పని మొదలుపెట్టే తేదీ నోటీసిచ్చిన 28 రోజుల లోపల పెట్టలేం, కాబట్టి ప్రాణం మీదకొచ్చే ముప్పైతే ఆ దారి కాదు, కౌన్సిలే మనుషుల్ని పంపి ఎమర్జెన్సీ పని చేయించి బిల్లు వాళ్లకు వేయాలి. లైసెన్సు లేకుండా నడిపితే ప్రాసిక్యూషనో, సివిల్ పెనాల్టీయో. పెనాల్టీ పరిమితి 30,000 పౌండ్లు ఉండేది, 2025 రెంటర్స్ రైట్స్ యాక్ట్ దాన్ని 40,000 చేసింది. నేరం జరిగిన తేదీని బట్టి ఏది వర్తిస్తుందో లీగల్ వాళ్లను అడగండి. పేరు సివిలే గానీ రుజువు క్రిమినల్ స్థాయిలో ఉండాలి. అందుకే ఆ పెన్సిల్ గీతలూ, తేదీ పడిన ఫోటోలూ.

ప్రొహిబిషన్ ఆర్డరు (గదినో ఇంటినో వాడకూడదనే ఆర్డరు) విషయంలో మాత్రం నేను పిరికిదాన్నే. అటక గదిని మూసేస్తే ఇల్లు బాగుపడుతుంది, మరి ఆ గదిలో మనిషి? ఆర్డరు వల్ల ఖాళీ చేయాల్సి వచ్చినవాళ్లకు చోటు చూపే బాధ్యత 1973 ల్యాండ్ కాంపెన్సేషన్ యాక్ట్ కౌన్సిల్ మీద పెట్టింది. కాబట్టి ఆర్డరు మీద సంతకం పెట్టకముందే హోమ్‌లెస్‌నెస్ టీముతో మాట్లాడండి. ఇప్పుడున్నవాళ్లు వెళ్లాకే అమలయ్యేలా సస్పెండ్ చేసే వీలూ ఉంది. బెనిఫిట్ ఆగినా అంతే, బాకీ కంపెనీ మీద కాదు, గదిలో మనిషి మీద పడుతుంది. ఒకసారి మేం ఈ వరస తప్పాం. శుక్రవారం సాయంత్రం ముగ్గురు సామాను సంచులతో మా కౌంటరు ముందు కూర్చున్నారు. అప్పటి నుంచి ఏ ఆర్డరూ గురువారం దాటాక ఇవ్వను.

మన ఓనర్లకు

తెలుగువాళ్ల నుంచి నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే: "అక్కా, ఇలాంటి ఇళ్లు నడిపే కంపెనీవాళ్లు ఐదేళ్లు గ్యారంటీ రెంటన్నారు, రిపేర్లు కూడా వాళ్లే అన్నారు, సంతకం పెట్టేశాం. ఇప్పుడు కౌన్సిల్ నోటీసు మా పేరుతో వచ్చింది." వస్తుంది. లీజు రాసిచ్చినంత మాత్రాన చేతులు దులుపుకోలేరు. మీకు పూర్తి అద్దె వస్తుంటే మీరూ కంట్రోల్ చేసేవాళ్లే కావచ్చు. 2023లో సుప్రీంకోర్టు రకుసెన్ కేసులో, రెంట్ రీపేమెంట్ ఆర్డరు (అద్దె వెనక్కివ్వమనే ఆర్డరు) నేరుగా అద్దెకిచ్చినవాడి మీదే వేయొచ్చు, పైనున్న ఓనరు మీద కాదని చెప్పింది. అది విని చాలామంది ధీమాగా ఉన్నారు. 2025 చట్టం ఆ సందు మూసింది.

సంతకానికి ముందు రిజిస్టర్డ్ ప్రొవైడర్ల జాబితాలో పేరు చూడండి. లైసెన్సు ఎవరు తీసుకుంటారో లీజులో రాయించండి. మూడు నెలలకోసారి ఇల్లు చూసే హక్కు రాయించుకుని, నిజంగా వెళ్లండి. వెళ్లినప్పుడు హాల్లో కూర్చుని టీ తాగి రావద్దు. మెట్లెక్కి ఒక్కో తలుపూ సగం తెరిచి వదిలి చూడండి.