కోరాపుట్ వైపు కొండ సంతలకు వెళ్లాలంటే

ఈ ప్రయాణానికి వారమే లెక్క. ఒడిశాలో డోంగ్రియా కోందు గిరిజనులు నియమగిరి కొండలు దిగివచ్చే చాటికోనా సంత బుధవారం, బోండా, గదబ గిరిజనులు వచ్చే ఒనుకుడెల్లి సంత గురువారం, కుందులి సంత శుక్రవారం. రోజు తప్పితే మళ్లీ వారం ఆగాల్సిందే.

మంగళవారం విశాఖలో రైలెక్కి రాయగడలో దిగి పడుకోండి. పొద్దున్నే కారులో చాటికోనా, రాత్రికి జయపురం. గురువారం చీకటితోనే బయల్దేరాలి. ఒనుకుడెల్లికి ఘాట్ రోడ్డులో రెండు గంటలకు పైనే. మధ్యాహ్నం దాటితే సంత పలచబడుతుంది, అమ్ముకున్నవాళ్లు పొద్దుండగానే కొండెక్కాలి కదా.

పది, ఇరవై నోట్లు దండిగా పెట్టుకోండి, సిగ్నల్ లేనిచోట ఫోన్ చెల్లింపులు ఆగిపోతాయి. కెమెరా మాత్రం సంచిలోంచి తీయొద్దు. బోండాల ఫొటోలపై ఆంక్షలున్నాయి, పైగా వాళ్లు వచ్చింది సరుకు అమ్ముకోవడానికి. అల్లం, పసుపు కొనండి, గీచి బేరమాడకండి. సాయంత్రం నిండుచేతుల చొక్కా, దోమల మందు తప్పనిసరి: ఇది మలేరియా ప్రాంతం.