ఫ్లై రీలు ఎంపిక: కాంపోజిట్టా, కడ్డీ నుంచి చెక్కిన లోహమా?

ఫ్లై ఫిషింగ్‌లో ఎరకు దాదాపు బరువే ఉండదు. ఈకలతో, దారంతో పురుగులా కట్టిన ఆ ఫ్లైని నీటి మీదికి మోసుకుపోయేది లైను, అంటే గాలం దారం, బరువే కాబట్టి, విసిరేటప్పుడు ఆ దారాన్ని చుట్టి ఉంచే రీలుకు దాదాపు పనే ఉండదు. దానికి పని పడేది చేప చిక్కి లైను లాక్కుపోతున్నప్పుడు. అందుచేత ఏ పదార్థం మేలన్న ప్రశ్నకు ముందు, మీరు వెళ్లే నీటిలో ఉన్న చేప రీలుకు ఎంత పని చెబుతుందో తేల్చుకోవాలి.

కాంపోజిట్ రీలు అంటే నైలాన్ వంటి ప్లాస్టిక్‌లో గాజు పీచునో కార్బన్ పీచునో కలిపి అచ్చులో పోసినది. రెండో రకాన్ని అల్యూమినియం కడ్డీ నుంచి, సాధారణంగా 6061 మిశ్రమలోహం నుంచి, యంత్రంపై చెక్కి, పైన అనొడైజింగ్ అనే రక్షణ పూత వేస్తారు. ఈ రెంటికీ మధ్య కరిగించి అచ్చుపోసిన అల్యూమినియం రీళ్లు కూడా ఉన్నాయి. అమ్మేవారు వాటిని కూడా లోహపు రీళ్లనే అంటారు కనుక, చెక్కినదా, పోతపోసినదా అని తప్పక అడగండి.

హిమాచల్‌లోని తీర్థన్ నదిలోనో, అమెరికాలో మోంటానాలోని మాడిసన్ నదిలోనో ట్రౌట్ చేపలు పట్టడానికి 4, 5 నంబరు లైన్లు, అంటే తేలికపాటివి, వాడేవారికి నా సలహా సూటిగా ఉంటుంది: మంచి కాంపోజిట్ రీలు చాలు. ఇటువంటి చోట వాడే టిప్పెట్, అంటే ఫ్లైకి కట్టే సన్నని చివరి దారం, నాలుగైదు పౌండ్ల బరువుకే తెగిపోతుంది. డ్రాగ్‌ను, అంటే లైను పరుగును అదుపు చేసే రీలులోని బ్రేకును, అందులో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకే బిగించడం వాడుక, కనుక ఎంత ఖరీదైన రీలు కొన్నా సుమారు పౌండున్నరకు మించిన బిగువును మీరు వాడుకోలేరు. మిగిలిన డబ్బును మంచి లైను మీద పెట్టండి. ఆ తేడా ప్రతి విసురులోనూ చేతికి తెలుస్తుంది.

సముద్రంలో లెక్క మారుతుంది. బోన్‌ఫిష్ ఒక్క పరుగులో వంద గజాల లైను లాగేయగలదు. టార్పన్ అంతకంటే మొండిది. అప్పుడు డ్రాగ్ పలకల రాపిడికి పుట్టే వేడిని అల్యూమినియం త్వరగా బయటికి పంపుతుంది, కాంపోజిట్ లోపలే నిలుపుతుంది. పైగా ఒత్తిడికి కాంపోజిట్ చట్రం కొద్దిగా వంగి, స్పూలు, అంటే లైను చుట్టుకుని తిరిగే భాగం, పక్కలకు రాసుకునే ప్రమాదం ఉంది. కాంపోజిట్‌కు తుప్పు పట్టదన్న మాట నిజమే, కానీ లోపలి స్ప్రింగులకు, బేరింగులకు పడుతుంది. కాబట్టి ఉప్పునీటికి, నీరు చొరకుండా సీలు చేసిన డ్రాగ్ ఉన్న చెక్కుడు రీలునే ఎంచుకోండి.

దుకాణంలో రీలును చేతిలోకి తీసుకుని నింపాదిగా పరీక్షించాలి. చట్రాన్ని బొటనవేలితో, చూపుడువేలితో రెండు పక్కల నుంచి నొక్కి పట్టి స్పూలు తిప్పండి. ఎక్కడైనా గీసుకున్న శబ్దం వస్తే పక్కన పెట్టేయండి. స్పూలు అంచుకూ చట్రానికీ మధ్య సందు ఎంతుందో సన్నని టిప్పెట్ ముక్కను దూర్చి చూడండి. అది సులువుగా దూరిందంటే నదిలో చేప ఉన్న వేళ కూడా దూరుతుంది. తరువాత లైనును నెమ్మదిగా లాగండి. డ్రాగ్ మొదట పట్టేసి ఒక్కసారిగా వదిలితే, ఆ కుదుపుకే సన్నని టిప్పెట్ తెగుతుంది. నా దృష్టిలో పదార్థం కన్నా ఇదే ముఖ్యమైన పరీక్ష. చివరగా, లైను చుట్టిన రీలును మీ గాలపు కర్రకు తగిలించి, పిడి ముందు భాగం కింద ఒక వేలు ఆనించి తూచండి. పొడవైన కర్రకు మరీ తేలికైన రీలు తగిలిస్తే కొన ముందుకు వాలి మణికట్టు అలిసిపోతుంది, కనుక తేలికదనం ఎప్పుడూ గుణమే అనుకోకండి.

కాంపోజిట్ స్పూలుకు బ్యాకింగ్‌గా, అంటే లైను కింద ముందుగా చుట్టే దారంగా, నైలాన్ మోనో (ఒంటి పోగు) దారాన్ని వాడవద్దు. బిగువు మీద సాగి చుట్టుకున్న ఆ దారం మళ్లీ కుదించుకుంటూ స్పూలు పక్కలను బయటికి నెడుతుంది. అల్లిన డాక్రాన్ (పాలిస్టర్) దారాన్ని సమంగా చుట్టండి.

బండరాయి మీద పడితే చెక్కిన రీలు అంచు సొట్టపోవచ్చు, కాంపోజిట్ అయితే చిట్లవచ్చు. ఏదైనా సరే, స్పూలు తిప్పి చూశాకే మళ్లీ నీటిలో దిగండి. దోమల మందులోని డీట్ కొన్ని ప్లాస్టిక్‌లనూ, లైను పై పూతనూ తినేస్తుంది కనుక అది పూసుకున్న చేతులు కడుక్కున్నాకే రీలు ముట్టుకోండి. సముద్రం నుంచి వచ్చిన రోజున మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరాక, డ్రాగ్ వదులు చేసి భద్రపరచండి.