బడిలో వాతావరణ కార్యాచరణ: మీటరు దగ్గర మొదలుపెట్టండి

పర్యావరణం అనగానే బడుల్లో ముందు గుర్తొచ్చేది మొక్కలు నాటడం. నాటే రోజు బాగానే ఉంటుంది. సెలవుల్లో నీళ్లు పోసే దిక్కులేక అవి ఎండిపోతే మాత్రం, ఇదంతా ఉత్తుత్తి వ్యవహారమని పిల్లలకు అనిపిస్తుంది. తొలి పని వాళ్లే కొలవగలిగేదై ఉండాలి, తేడా ఒకటి రెండు వారాల్లోనే కనబడాలి. అందుకు కరెంటును మించింది లేదు.

ముందు హెడ్మాస్టరును అడిగి మీటరు చూడటానికి అనుమతి తీసుకోండి. బడి తలుపులు తీసి తాళాలు వేసేవాళ్లను మొదటిరోజే కలుపుకోండి. స్విచ్చులు వాళ్ల చేతుల్లో ఉంటాయి. వాళ్లను వదిలేసి ఎన్ని పోస్టర్లు వేయించినా ఒరిగేదేమీ ఉండదు. ఇంకో టీచరును తోడు తెచ్చుకోండి. ఒక్కరే మోస్తే, వాళ్లు సెలవు పెట్టిన నాడే పని ఆగుతుంది.

సాయంత్రం అందరూ వెళ్లాక ఒక రీడింగు, ఉదయం తలుపులు తీసేముందు ఇంకోటి రాయించండి. 6 గంటలకు 4182, మర్నాడు 8 గంటలకు 4189 ఉందనుకోండి. ఖాళీ బడిలో 14 గంటల్లో 7 యూనిట్లు కాలాయన్నమాట. అంటే గంటకు అర యూనిట్టు. 1000 వాట్లు గంటసేపు నడిస్తే ఒక యూనిట్టు కాబట్టి, రాత్రంతా 500 వాట్లు నడుస్తూనే ఉన్నాయి. అవి ఎక్కడున్నాయో పిల్లలను వెతకనివ్వండి. వాటర్ కూలరు, స్టాండ్‌బైలో వదిలేసిన కంప్యూటర్లు, ప్రొజెక్టరు, బాత్రూం లైటు... సాధారణంగా దొరికేవి ఇవే. ఫ్రిజ్, సీసీ కెమెరాల లాంటి ఆపకూడని వాటికి ముందే చీటీ అంటించండి. స్విచ్‌బోర్డులు విప్పడం, ప్యానెల్ ముట్టుకోవడం పిల్లల పని కాదు.

పొరబాటు ఎక్కువగా రీడింగు దగ్గరే జరుగుతుంది. డిజిటల్ మీటరు వోల్టేజీ, లోడు కూడా వరసగా చూపిస్తుంది; కేడబ్ల్యూహెచ్ (kWh, అంటే యూనిట్లు) అని ఉన్న అంకెనే రాయాలి. పెద్ద బడుల్లో సీటీ మీటరుంటే (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా, అసలు కరెంటులో కొంత వంతునే కొలిచేది) రీడింగుల తేడాను గుణకంతో హెచ్చించాలి. గుణకం బిల్లు మీద ఉందేమో చూడండి. పగటి వాడకం ఎండావానలను బట్టి మారుతుంది కాబట్టి, పోల్చడానికి రాత్రి లెక్కే నమ్మకం. 5 రాత్రులు రాసి, మార్పులు చేసి, మళ్లీ 5 రాత్రులు రాయండి.

పగటి లెక్క గణితం పీరియడ్‌లో చేయించండి. 75 వాట్ల ఫ్యాన్లు 20, రోజుకు 6 గంటలు తిరిగితే 9 యూనిట్లు. తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 3.6. ఈ ఒక్క కాగితం యాజమాన్యం ముందు పెడితే ఉపన్యాసం అక్కర్లేదు.

కరెంటు గాడిన పడ్డాక తిండి వృథా మొదలుపెట్టండి. ముందు 5 రోజులు తూచండి. ఎంత పారేస్తున్నారో తెలిశాకే కంపోస్టు. చెత్తకుప్పలో గాలాడక కుళ్లే తిండి మీథేన్ విడుస్తుంది. 100 ఏళ్ల లెక్కన అది అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. బకెట్టు తడి చెత్తకు 2, 3 బకెట్ల ఎండుటాకులు వేయాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే, కంపు కొడితే, ఎండుటాకులు కలిపి తిరగేయండి. సెలవులకు వారం ముందే తడి చెత్త వేయడం ఆపండి.

రీడింగుల పుస్తకం బడి ఆఫీసులోనే ఉంచండి. ఏడాది చివర్లో పై తరగతివాళ్లు కింది తరగతివాళ్లను మీటరు దగ్గరికి తీసుకెళ్లి ఒక వారం చూపించాకే పుస్తకం చేతులు మారాలి.